వదిన పెట్టని సంతకం

మొన్న శంషాబాదుల విమానమెక్కిన. యాభై దాటినంక, బతుకుల ఇదే మొదటిసారి. కాసేపటికి పైలట్ మైకుల, ముందట పెద్ద మబ్బున్నది, చుట్టు తిరిగి పోతున్నం, జర ఆలస్యమైతదని చెప్పిండు. పక్క సీటాయన గడియారం చూసుకుంట గుణిగిండు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ మబ్బు సంగతి పైలటుకు చెప్పే రాడార్లను బాగుచేసుకుంట ఇన్నేండ్లు గడిపిన మనిషి మా వదిన. ఆ మాట ఆయనకు చెప్పాలని నోటిదాక వచ్చింది గానీ ఆపుకున్న. మొదలువెడితే దిగేదాక ఆగేదాన్ని కాదు.

వదిన మర్రిగూడ దిక్కు గొర్లు కాసే ఇంటి బిడ్డ. నల్లగొండల పాలిటెక్నిక్ చదివింది. మాది రామన్నపేట. పెండ్లిచూపులల్ల మా అమ్మ "ఏం పని జేస్తవు బిడ్డా?" అని అడిగితే, "విమానాల రాడార్లు బాగుచేస్త అత్తమ్మా" అన్నది. మా అమ్మకు రేడియోలని వినవడ్డది. ఇంకేముంది, పెండ్లయినంక మా వాడకట్టుల మూలకువడ్డ రేడియోలు, టేపురికార్డర్లు అన్నీ మా అరుగు మీదికి వచ్చినయి. వదిన ఎవ్వరినీ కాదనలే. పండుగకు ఊరికొచ్చినప్పుడల్లా స్క్రూడ్రైవర్ పట్టుకొని కూసునేది.

తెలంగాణ వచ్చిన కొత్తల నాకూ పట్నంల తన వర్క్‌షాపుల స్టోరు పని ఇప్పిచ్చింది. మిషన్లకు వేడి తగలొద్దని అక్కడ ఏసీ ఎంత చల్లగ పెట్టేటోళ్లంటే, ఎండకాలంల గూడ వదిన స్వెటర్ ఏసుకునేది. టంకం పొగ వాసన మా ఇద్దరి చీరెలకూ పట్టి బస్సుల గూడ మా ఎంబడే వచ్చేది. రాడారు అంటే ఏందో ఒకనాడు సద్ది తినుకుంట చెప్పింది. "మా బాపు గుట్ట ముందట నిలవడి కేకేస్తే, ఆ కేక గుట్టకు తగిలి మళ్లొస్తది సూడు. ఎంతసేపటికొస్తే గంత దూరం. గిది గూడ గంతే పిల్లా. ఒక్క కేకేస్తది, ఊకుంటది, వింటది." ఆ కేకనే వాళ్లు పల్స్ అంటరు.

ఒక వానకాలం, రోగులను పెద్ద దవాఖానలకు తీసుకపోయే చిన్న విమానం రాడారు మా దగ్గరికి మూడోసారి వచ్చింది. మబ్బులల్లకు ఎక్కుతుంటే స్క్రీను ఖాళీ అయితాందని పైలట్లు రాసిన్రు. మా బెంచి మీద పెట్టి పరీక్ష చేస్తే మాత్రం ఏ తప్పూ లేదు. మా సెక్షనుకు పెద్ద, మిలిటరీల చేసి వచ్చిన సారు. మంచి మనిషే గానీ, ఆయన ఫోను మోగుడు ఆగుతలేదు.

"బెంచి మీద మంచిగనే ఉన్నది గదమ్మా, సంతకం పెట్టు. అక్కడ పేషెంట్లు ఎదురుచూస్తున్నరు."

"డబ్బా మంచిగున్నదని రాసిస్త సార్. విమానం మంచిగున్నదని ఎట్ల రాయాలె?" అన్నది వదిన.

వదిన కొలువు పొడిగిస్తరా లేదా తేలేది ఆ నెలనే. నాకు భయమై ఆమెను స్టోరులకు గుంజుకపోయిన. "పెట్టరాదు వదినా, వేరేటోళ్లయితే పెడుతుండిరి" అన్న. "పెడితే పెట్టనియ్యి. నాకు చెయ్యి రాదు" అన్నది.

విమానం కాడికి పోయి చూడనీకె సారు సాయంత్రం దాక టైమిచ్చిండు. విమానం నిలవెట్టిన షెడ్డుకు కేబుళ్లు మోసుకొని నేనూ పోయిన. రాడారు డబ్బా నుంచి విమానం ముక్కులున్న యాంటెనా దాక ఒక బోలు లోహపు గొట్టం ఉంటది. పల్స్ పోయేది దాంట్లకెల్లే. వదిన డబ్బాకు బదులు ఆ గొట్టానికి టెస్టర్ తగిలిచ్చి, చిన్న చిన్న పల్స్‌లు పంపింది. టెస్టర్ స్క్రీను మీద గీత సాపుగ వచ్చింది. మళ్ల పంపింది. మళ్ల సాపే. మెకానిక్కులు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

వదిన లేచి, "సార్, ముక్కు లేపాలె. ఎక్కేటప్పుడే పోతాందని రాసిన్రు గదా, ఎక్కుతున్నట్టే నిలవెట్టి చూద్దాం" అన్నది. ఒకాయన కిసుక్కున నవ్విండు. సారు నవ్వలే. దగ్గరుండి జాకీలు పెట్టిచ్చిండు.

ముక్కు మెల్లగ లేస్తుంటే, సాపుగున్న గీత మీద ఒక బొడిపె లేసింది. "మధ్యలనే ఏదో తగిలి మళ్లొస్తాంది" అన్నది వదిన. ఎంత దూరంల తగిలిందో లెక్కగట్టి, అక్కడి జాయింటు ఇప్పిచ్చింది. చెంచెడు నీళ్లు ఆమె అరచేతిల వడ్డయి. సీలు సందుల నుంచి దిగిన వాన నీళ్లు. విమానం నేల మీదున్నంతసేపు పల్లపు జాగల అణిగి ఉంటున్నయి, ముక్కు లేస్తే జారి వంపు కాడ అడ్డం వడుతున్నయి. సారే జేబురుమాలు తీసిచ్చిండు.

గొట్టం మార్చి, మళ్ల ముక్కు లేపి చూసినంకనే వదిన సంతకం పెట్టింది. విమానం టెస్టుకు పోతే సారు గూడ ఎక్కిండు. దిగొచ్చి, "ఎక్కేటప్పుడు మబ్బులన్నీ కనవడ్డయమ్మా" అన్నడు. వదిన కొలువు నిలవడ్డది. ఏ డబ్బా అయినా రెండోసారి తిరిగొస్తే వదిన విమానం కాడికి పోయి చూడాలని ఆయనే పద్ధతి పెట్టిండు.

ఇంటికాడ నేనే చేతులు తిప్పుకుంట మా అమ్మకు కథంతా చెప్పిన. అంతా విని, "చెంచెడు నీళ్లు తీసేయనీకె గన్నేండ్లు చదివినవా బిడ్డా?" అన్నది మా అమ్మ. వదిన కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

నేను ఆ పని విడిచి చాన్నాళ్లాయె. వదిన ఇప్పుడు కొత్త పిల్లలకు పని నేర్పుతాంది. ఆ విమానం ఇంకా తిరుగుతాందో లేదో తెల్వదు. అండ్ల పోయిన రోగులకు వదిన ఎవరో తెల్వదు. ఏండ్లు గడిచినకొద్ది నాకు చాన సంగతులు మసకవడుతున్నయి గానీ, ముక్కు పైకెత్తిన ఆ విమానం కింద అరచేయి చాపి నిలవడ్డ మా వదిన మాత్రం ఏటికేడు ఇంకింత దగ్గరికొస్తాంది.