షినాస్ ఒడ్డున తెరుచుకోని కిటికీ

మా అక్కకు సెలవు దొరకడమంటే మస్కట్‌లో వాన పడటం లాంటిది. సొంత అక్క కాదు. కడప మనిషి, ఒమాన్ సముద్రతీరాన షినాస్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. ఆ శుక్రవారం ఆమెకు సెలవిచ్చారు. సెలవు రోజు కూడా వంటే చేస్తానంది, కాకపోతే మా కోసం: చేపల పులుసు, రాగిసంకటి. అక్కడికి కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఇబ్రిలో పనిచేసే నేను, ఇద్దరు రూమ్మేట్లతో పొద్దున్నే కారులో బయలుదేరి వచ్చాను.

సముద్రం ఒడ్డున చాప పరిచాం. పులుసు ఉడుకుతుండగా మా ముదీర్, అంటే మేనేజర్, ఫోన్ చేశాడు. ఒక ఇంటి ప్లానులో తలుపు కాస్త ఎడమకు జరపాలట. సాయంత్రానికల్లా సైట్‌కు పంపాలట. ఆ ప్లాన్లు గీసే ప్రోగ్రామ్ ఇబ్రి ఆఫీసు కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇప్పుడు బయలుదేరితే తలుపు జరుగుతుంది, పులుసు మిగలదు. నా రూమ్మేట్ల సంగతి నాకు తెలుసు.

"యాడికబ్బీ పోయేది? తిన్యాక పోదువులే. నాకు మళ్లా సెలవు ఎప్పుడిస్తారో, ఏమో" అంది అక్క.

కదలక్కర్లేదని చెప్పి ల్యాప్‌టాప్ తీశాను. ప్రోగ్రామ్ అక్కడే నడుస్తుంది, దాని కిటికీ, అంటే విండో, మాత్రం ఇక్కడ నా తెర మీద తెరుచుకుంటుంది. మధ్యలో అంతా ఎన్‌క్రిప్షనే. దారిలో ఎవడైనా తొంగిచూస్తే ఉప్మా రవ్వలా కనిపిస్తుంది. ఇదంతా నేను గొంతు పెంచి వివరించానని రూమ్మేట్లు ఇప్పటికీ అంటారు.

ఆఫీసు కంప్యూటర్లోకి లాగిన్ అయి, ఆ ప్లాను తెరవమన్నాను. కిటికీ రాలేదు. మళ్లీ అడిగాను. రాలేదు. నెట్ నెమ్మదేమోనని ఇంకో నాలుగుసార్లు అడిగాను. ఇంజనీరింగ్‌లో నేర్చుకున్న పద్ధతి అది.

అంతలో ఫోన్. శుక్రవారాలు ఆఫీసు కాపలా కాసే హైదరాబాదీ భాయ్.

"భాయ్, మీ కంప్యూటర్‌కు ఏందో అయితుంది! ఎవ్వరు ముట్టలే. డబ్బా మీద డబ్బా ఓపెన్ అయితుంది!"

"ఏముంది వాటిలో?"

"ఇంటి నక్షా. అన్నిట్ల గదే నక్షా... యా అల్లా, ఇంకొకటి!"

కిటికీలు బ్రహ్మాండంగా తెరుచుకుంటున్నాయి. ఇబ్రిలో. ఎవరు ఎక్కడి నుంచి అడిగినా ఈ ఆఫీసు తెర మీదే చూపించమని ఆ కంప్యూటర్ సెట్టింగుల్లో ఒక లైను ఉంది. అది నిజాయితీగా దాని పని చేసింది.

"అయిందా, లేదా? సంకటి సల్లారిపోతాంది!" అని అరిచింది అక్క.

ఆ లైను తీసేసి, బయటికొచ్చి మళ్లీ లాగిన్ అయ్యాను. కిటికీ నా దగ్గరికే పంపమని ఈసారి విడమరిచి చెప్పాను. ముందు కిటికీ పైపట్టీ వచ్చింది. తర్వాత గోడలు, మేస్త్రి కట్టినంత వేగంగా, ఒక్కొక్కటే. అందరూ మూగారు. తలుపు రాగానే చప్పట్లు కొట్టారు. మౌస్‌తో లాగితే అది కాసేపు ఆలోచించుకుని ఎడమకు జరిగింది. ప్లాను సైట్‌కు పంపేశాను.

"ఇంతేనా? ఈ తలుపు కోసరమా ఇంతసేపు?"

"ఇంతే అక్కా."

"సరే, ఇంక మాట్లాడకుండా తిను" అంటూ చేప తలకాయ నా ప్లేట్లో వేసింది. రూమ్మేట్లు నావైపు చూసిన చూపులో ఎన్‌క్రిప్షన్ ఏమీ లేదు.

భాయ్ మళ్లీ ఫోన్ చేశాడు. "డబ్బాలు ఇంకా ఖుల్లా ఉన్నయ్, బంద్ చేయాల్నా? మీరేం తింటున్నరు?"

"చేపల పులుసు."

"నేను ఖుబూస్ రొట్టె, చాయ్" అన్నాడు, అంతకంటే ఏమీ అడగకుండా.

అక్క విననే విన్నది. తిరిగి వచ్చేటప్పుడు భాయ్‌కిమ్మని నా ఒళ్లో ఒక స్టీలు డబ్బా పెట్టింది. మూత బిగించి, గుడ్డ చుట్టి, రెండు ముళ్లు వేసింది. ఎంత బిగిస్తే ఏం, లోపలేముందో రూమ్మేట్లు వాసనతోనే ఇబ్రి దాకా చదువుతూనే ఉన్నారు.