నాలుగు గోడల మధ్య ఏడుపు

వెన్‌బరీ గడీ కావలివాడు హామోకి చెవులు వినబడవన్న సంగతి అతనికీ, అతని కుక్క గ్రిమ్‌కీ తప్ప మరో ప్రాణికి తెలియదని అతని నమ్మకం. వయసులో ఉండగా ఫల్క్ దొర వెంట సముద్రం దాటి గాస్కనీ యుద్ధానికి పోయాడు. దొర నెత్తిన పడాల్సిన గద దెబ్బ తను కాసుకున్నాడు. ఎడమ చెవి ఆ రోజే పోయింది, కుడిది ఏటికేడు మూసుకుపోతూ వచ్చింది. చెవిటి కావలివాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? అందుకని కుక్క చెవులతో వినడం నేర్చుకున్నాడు. గ్రిమ్ చెవులు నిక్కబొడిచిందంటే లేచి వాకిట్లోకి పోయేవాడు. మనుషుల మాటలు వాళ్ల పెదాల మీద పట్టుకునేవాడు. పట్టుకోలేనప్పుడు తల ఊపేవాడు. తల ఊపేవాణ్ణి అందరూ మంచివాడనే అంటారు కాబట్టి ఇన్నేళ్లూ రోజులు బాగానే గడిచాయి.

ఆ తల ఊపుడే చివరికి కొంప ముంచింది.

ఫల్క్ దొర పెద్ద వంశంలో ఆఖరి కొడుకు. గుర్రం, కత్తి, పేరు తప్ప సొంతానికి గజం నేల లేదు. వెన్‌బరీ అంతా ఆయన భార్య ఐడోనియా దొరసానిది. ఆమెకు చాలా ఏళ్లకి కడుపు పండింది. దొర మళ్లీ ఇంకో యుద్ధానికి పోయి ఉండగా, కోతల కాలంలో నొప్పులు వచ్చాయి. మంత్రసాని హామో భార్య సబీనాయే. కాన్పు సులువుగా కావాలని గడీలో తాళాలన్నీ తీయించింది, ముడులన్నీ విప్పించింది. కుక్క ఆ చాయలకే రాకూడదని గ్రిమ్‌ని గాదెలోకి తోలించింది. మగవాళ్లంతా చేలల్లో ఉన్నారు. గది బయట హామో ఒక్కడే, తాళాలూ లేక, కుక్కా లేక, బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

పొద్దు వాలాక తలుపు తెరుచుకుంది. సబీనా నెత్తుటి చేతులు తొట్టిలో కడుక్కుంటూ, తల వంచుకునే ఏదో అడిగింది. హామో అలవాటుగా తల ఊపాడు. వెనకే వచ్చిన దొర తల్లి గుండెలు బాదుకుంటూ "హామో విన్నాడు! బిడ్డ ఏడుపు విన్నాడు!" అంటుంటే ఆమె పెదాలు చూసి అప్పుడు తెలుసుకున్నాడు తను దేనికి తల ఊపాడో. దొరసాని పోయింది. మగబిడ్డా పోయాడు.

ఆ దేశపు న్యాయం అది. భార్య చనిపోతే ఆమె భూమి పుట్టింటివాళ్లకే పోతుంది. కానీ ఆమెకు ప్రాణంతో బిడ్డ పుట్టి, వాడి ఏడుపు నాలుగు గోడల మధ్య వినబడి ఉంటే, భర్త బతికున్నన్నాళ్లూ భూమి అతనిదే. విన్నామని చెప్పాల్సింది మాత్రం మగవాళ్లే. కన్నది ఆడది, పురుడు పోసింది ఆడది, సాక్ష్యం దగ్గరికొచ్చేసరికి ఆడదాని మాట చెల్లదు. ఇంతకన్నా తెలివైన న్యాయం ఎక్కడైనా ఉంటే చెప్పండి.

దొరసాని పినతండ్రి కొడుకు రెనాల్డ్ అప్పుడే గడీ చుట్టూ గుర్రం మీద తిరిగిపోయాడు. భూమి తన చేతికొస్తే దొర తల్లి దగ్గర్నుంచి హామో దాకా అందరినీ గెంటేస్తానని సత్రంలో బాహాటంగానే అన్నాడట.

హామోకి తిండి సయించడం మానేసింది. బిడ్డ నిజంగా ఏడ్చాడా? ఖాయంగా తెలిసినది బిడ్డను చేతుల్లోకి తీసుకున్న సబీనాకే. ఆమెను అడుగుదామంటే, అడగడమంటేనే తను వినలేదని ఒప్పుకోవడం. ఒకే కంచంలో తింటూ, ఒకే గడ్డి పరుపు మీద పడుకుంటూ, ఆ ఒక్క మాట అడగలేక నలిగిపోయాడు.

కబురంది దొర యుద్ధం నించి పరుగు పరుగున వచ్చాడు. మొహం పీక్కుపోయింది. హామో భుజాలు పట్టుకుని ఎదురుగా నిలబడి అడిగాడు.

"నువ్వు విన్నావట గదరా. ఎట్లా ఉంది వాడి గొంతు?"

"గట్టిగా ఉంది దొరా. అచ్చం తమరి గొంతే."

దొర చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తను చేసింది పాపమేనని హామోకి ఆ కన్నీళ్లు చూశాక బాగా తెలిసొచ్చింది.

విచారణ చర్చిలో పెట్టారు. గోడ మీద నరకం బొమ్మ ఉంది. అబద్ధాలకోరు నాలుకను దయ్యాలు పట్టకారుతో లాగుతుంటాయి. హామో అటు చూడకుండా ఉందామనుకున్నాడు గానీ కళ్లు అక్కడికే పోయాయి. జ్ఞానస్నానపు తొట్టి పక్కన బల్ల దగ్గర రాజుగారి అధికారి, ఆయన వెనక నోరు మెదపడానికి హక్కు లేని ఆడవాళ్లు.

"అయ్యా, వీడు చెవిటివాడని నా అనుమానం," అన్నాడు రెనాల్డ్. "గోడకీ వీడికీ తేడా లేదు, కావలిస్తే చూడండి."

అతని మనిషి హామో వెనక్కి పోయి ఇనుప పళ్లెం కింద పడేశాడు. హామో కాళ్ల దగ్గర గ్రిమ్ చెవులు నిక్కబొడిచింది. హామో చటుక్కున వెనక్కి తిరిగాడు.

"నీ పళ్లేనికి సొట్టపడింది బాబూ," అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. రెనాల్డ్ మొహం మాడింది.

కానీ అసలు గండం అప్పుడొచ్చింది. అధికారి బైబిలు ముందుకు జరిపాడు. "దీని మీద చెయ్యిపెట్టి చెప్పు. బిడ్డ ఏడ్చిన సంగతి నీకు తెలుసా?"

హామో బైబిలు మీంచి తల ఎత్తాడు. అధికారి భుజం మీదుగా సబీనా సూటిగా అతన్నే చూస్తోంది. ఆమె పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. ఆ చర్చి మొత్తంలో ఆ మాట వినగలిగినవాడు హామో ఒక్కడే.

*ఏడ్చాడయ్యా. సన్నగా, పిల్లికూనలాగా. నా చేతుల్లోనే.*

తనకు వినబడదని ఆమెకు తెలుసు! హామో బైబిలు మీద చెయ్యి ఆనించాడు.

"తెలుసయ్యా. బిడ్డ ఏడ్చాడు. గట్టిగా కాదు. సన్నగా, పిల్లికూనలాగా."

దొర తటాలున తల ఎత్తి హామోని చూశాడు. ఆ చూపు సబీనా వైపు పోయింది, మళ్లీ హామో మీదికొచ్చింది. ఏడుపు విన్నది హామో కాదనీ, సబీనా అనీ అర్థమైపోయింది ఆయనకు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తీర్పు చెప్పడానికి కూర్చున్న ఊరి పెద్దలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుని, వెన్‌బరీ దొరదేనన్నారు.

ఇంటికి పోయే దారిలో సబీనా పక్కన నడుస్తూ, తల తిప్పకుండానే ఏదో అంది. హామో తల ఊపాడు. ఆమె గిరుక్కున ఇటు తిరిగి అతని గడ్డం పట్టుకుంది.

"ఊపకు. ఆ రోజు కూడా ఇట్లాగే ఊపావు. వినబడకపోతే వినబడలేదని చెప్పి చావొచ్చు గదా?"

"ఎప్పట్నించి తెలుసే నీకు?"

"ఎడమ చెవి సంగతి నువ్వు యుద్ధం నించి వచ్చిన రోజే, కుడిది పోతున్నప్పుడే. నువ్వే చెప్తావని చూస్తున్నా."

హామో వంగి కుక్కను నిమిరాడు. "చెవులతో వినకుండా ప్రమాణం చేశాను. నరకానికి పోతానేమోనే."

"నేను చెప్పించాను గదా, నేనూ వస్తాలే," అంది సబీనా, అతనికి బాగా కనబడేలా మొహం దగ్గరికి తెచ్చి. "అక్కడి అరుపులు ఎట్లాగూ నీకు వినబడవు. నాకే కష్టం."