నాగప్ప లైసెన్సు

తాండూరు సంతకు వచ్చినప్పుడల్లా యాలాల్ నాగప్ప ముందుగా మూతపడ్డ రేడియో దుకాణం మెట్టు మీద కూర్చుంటాడు. తలరుమాలు విప్పి మోకాలి మీద పరుచుకుంటాడు. లేచేటప్పుడు తాళాన్ని ఒకసారి ఊపి చూస్తాడు. నాగప్ప తన రేడియోను బాగుచేయమని ఇచ్చిన వారానికే ఆ దుకాణం సేటు దివాలా తీసి ఊరు విడిచాడు. "రేపో మాపో వస్తడంట తాతా" అని పక్క బట్టల దుకాణమోళ్లు నవ్వుతూ చెబుతారు, నాగప్ప నమ్ముతాడు. రేడియో ఇంట్లో లేకపోయినా, రేడియో ఉన్నవాళ్లు సర్కారుకు రుసుము కట్టి తీసుకోవాల్సిన లైసెన్సును పోస్టాఫీసులో ఏటా కొత్తది చేయించుకుంటాడు. అది ఆగితే రేడియో సర్కారుదైపోతుందని ఆయన భయం.

మొన్న సంతనాడు స్టేషన్ దగ్గర సంగయ్య హోటల్లో వార్తలు వినబడితే తొంగిచూశాడు. బల్ల మీద ఉన్నది తన రేడియోనే. విరిగిన మీట బదులు తాను చింతకొయ్యతో చెక్కిన మీట దానికి అట్లాగే ఉంది.

"గిది నాది సంగన్నా" అన్నాడు మెల్లగా.

"సేటు సామాను కోర్టోళ్లు ఎన్నడో హర్రాజ్ పాటల అమ్మిన్రు. అండ్ల కొన్న" అన్నాడు సంగయ్య, గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండా.

నాగప్ప బనీను జేబులోంచి లైసెన్సు తీసి సాక్ష్యంగా చూపించాడు. సంగయ్య దాన్ని తిప్పి తిప్పి చూసి, మడిచి, రేడియో కింద పెట్టుకున్నాడు.

"మంచిపని చేసినవ్. లైసెన్సు లేదని తనిఖీవాళ్లు మస్తు పరేషాన్ చేస్తున్నరు. వచ్చే ఏడాదిది గూడ యాదిమరువకుండ తెచ్చియ్యి."

నాగప్ప సరేనని తలూపాడు.