మేకల ఎరువూ... ముడుచుకున్న చిక్కుడాకులూ

మా చిన్నప్పుడు... ఒక ఏడాది స్కూల్ బస్ వచ్చేలోపు రోజూ వంటింటి కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. అక్కడ ఖాళీ పెరుగు డబ్బాల్లో అమ్మ చిక్కుడు గింజలు నాటింది. అవి బాగా మొలవాలని దణ్ణం పెట్టుకునేదాన్ని...

అమెరికాలోని జార్జియాలో, కమ్మింగ్ అనే ఊరు దాటాక మాకో చిన్న పొలం ఉండేది. నాన్న ఆఫీస్‌కి వెళ్ళేవారు. అమ్మ ఉద్యోగం మానేసి కూరగాయలు వేసింది, కోళ్ళనూ మేకలనూ పెంచింది. బయటి ఎరువులు కొనేది కాదు. మేకల ఎరువే గంపలకెత్తి మడుల్లో వేసేది. శనివారమొస్తే తెలుగు ఆంటీలందరూ గోంగూర కోసం, వంకాయల కోసం మా గేటు ముందు కార్లు ఆపేవారు.

ఆ ఏడు టమాటా చిగుళ్ళు మెలికలు తిరిగాయి. తర్వాత వంగ... తర్వాత గోంగూర. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. నీళ్ళు పెంచి చూశారు, తగ్గించి చూశారు. వెతికితే ఒక్క పురుగూ లేదు.



ఒకరోజు భోజనాల దగ్గర నాన్న మెల్లగా అన్నారు. "ఎరువు వేసిన చోటే ఇలా అవుతోంది. మేకల్ని ఎవరికైనా ఇచ్చేద్దాం. నువ్వు మళ్ళీ జాబ్ ట్రై చెయ్యి."

అన్నం కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ముందు టెస్ట్ చేద్దామండీ. ఎరువు వల్లే అని తేలితే అప్పుడు చూద్దాం."

మేకల్ని ఇచ్చేస్తారేమోనని నాకు భయం పట్టుకుంది. బబుల్స్ అని నాకో మేకపిల్ల ఉండేది మరి...

అమ్మ కొన్ని డబ్బాల్లో ఉత్త మట్టి పోసింది. కొన్నిట్లో ఎరువు కలిపింది. అన్నిట్లోనూ నాటిన చిక్కుడు గింజలు ఒకేలా మొలిచాయి. మొదటి ఆకులు చక్కగా విచ్చుకున్నాయి.

"చూడు నాన్నా! గోట్స్ ఏం చెయ్యలేదు!" అని ఎగిరాను.

అమ్మ నవ్వలేదు. "ఇంకొంచెం ఆగమ్మా" అంది.

ఆ తర్వాతి ఆకులొచ్చాయి. ఉత్త మట్టిలోవి అరచేతుల్లా విచ్చుకున్నాయి. ఎరువు డబ్బాల్లోవి పిడికిలి బిగించినట్టు మూసుకుపోయాయి.

బస్ హారన్ వినిపించినా నేను వెళ్ళలేదు. దొడ్లోకి పోయి బబుల్స్ మెడ పట్టుకుని ఏడ్చాను. అమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. మేకలు నెమ్మదిగా నములుతున్న ఎండుగడ్డి వైపు చాలాసేపు చూసింది. గబుక్కున లేచి, ఆ గడ్డి మాకిచ్చే పక్క పొలం పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన పేరు డేల్.

ఆయన ట్రక్ వేసుకుని వెంటనే వచ్చాడు.

"నిరుడు ఆ గడ్డి మీద కలుపు మందు కొట్టాను. పశువులకేం కాదన్నారు..." అన్నాడు ఇంగ్లిష్‌లో.

నిజమే, మేకలకేం కాలేదు. గడ్డికీ కాలేదు, అది వెడల్పాటి ఆకుల మొక్కల్నే చంపే మందట. కానీ ఆ మందు వాటి కడుపులోంచి అలాగే ఎరువులోకి వచ్చి, మా మొక్కల్ని తినేసింది. డేల్ టోపీ తీసి, మడుల మధ్య నిలబడిపోయాడు.

"అయితే బబుల్స్ ఉంటుందా?" అన్నాను.

"ఉంటుంది. గడ్డి మారుద్దాం" అన్నారు నాన్న.

తోట మాత్రం దక్కలేదు. డేల్ తన ట్రాక్టర్‌తోనే మొక్కలన్నీ తీసేశాడు. మొక్కజొన్న కూడా గడ్డి జాతే కాబట్టి దాన్ని ఆ మందు ఏమీ చెయ్యదట. మడులన్నిట్లో అదే వేశారు. "గోంగూర లేదాండీ?" అని అడిగిన ప్రతి ఆంటీకీ అమ్మ నవ్వుతూనే జవాబు చెప్పేది... కార్లు వెళ్ళిపోయాక అలాగే గేటు పట్టుకుని నిలబడేది. కొందరు మళ్ళీ రాలేదు.

నేల కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. చివరికి ఆ మడుల్లో వంగ నిటారుగా పెరిగిన రోజు, అమ్మ ఆ మట్టిలోనే చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నాళ్ళూ ఎంత భయం దాచుకుందో నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు డేల్ పొలం నిండా ఇళ్ళే. గోంగూర ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్లలో దొరుకుతోంది. ఎవరు పండించారో, ఏ ఆకు చూసి ఎంత బెంగపడ్డారో మనకు తెలియనే తెలియదు...

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మీకు కనబడకుండా మోసిన భయం ఏదైనా గుర్తొస్తోందా? చెప్పండి... వింటాను.