వెర్నా వెనక్కి తీసుకున్న ఖడ్గం

రసీన్ ఊళ్లో వెర్నా కోజ్లిక్ స్కూలు బస్సు నడిపేది. శనివారం మధ్యాహ్నాలు మాత్రం ఆవిడ చేతిలో ఒక రాజ్యం ఉండేది. మైలో అనే అతని ఆటవస్తువుల కొట్టు వెనక గదిలో బల్ల చుట్టూ మేం నలుగురం వీరులం. ఆవిడ కథ నడిపేది, మేం ఏం చేస్తామో చెప్పేవాళ్లం, దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేల్చేవి.

పక్క బల్ల దగ్గర ఆడే ప్రతివాడికీ మంత్రఖడ్గం ఉందని మా ఓరిన్ ఒకటే సణుగుడు. చివరికి విసిగిపోయి వెర్నా అతనికొకటి ఇచ్చేసింది. అంతే, ఆట చచ్చింది. ఓరిన్ ఒక్క వేటుకి అందర్నీ నరికేస్తుంటే మేం పాప్‌కార్న్ నములుతూ కూర్చున్నాం. అతనికి సాటి రావాలని వెర్నా రాక్షసుల బలం పెంచింది.

ఆ వారమే ఆగ్నెస్ కొత్తగా చేరింది. డబ్బాల ఫ్యాక్టరీలో పని, యాభై దాటిన మనిషి. తన వీరవనితకి పేరూ, ఊరూ, చిన్నప్పుడు చచ్చిపోయిన గుర్రం సంగతీ అన్నీ రాసుకొచ్చింది. ఓరిన్ కోసం పెంచిన రాక్షసుడు మొదటి దెబ్బకే ఆ వీరవనితని చంపేశాడు.

"పర్లేదులే," అని ఆగ్నెస్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటి శనివారం వెర్నా కూర్చోకుండానే చెప్పింది. "ఖడ్గం ఇవ్వడం నా తప్పు. వెనక్కి తీసుకుంటున్నా. రాక్షసుల్నీ తగ్గిస్తా."

"అది నేను గెలుచుకున్నది!" అన్నాడు ఓరిన్.

"గెలవలేదయ్యా, సణిగి సంపాదించావు."

అతను వెళ్లి మైలోని పిలుచుకొచ్చాడు.

"జనానికి ఇలాంటి ఖడ్గాలూ నిధులూ కావాలి వెర్నా," అన్నాడు మైలో. "ఇస్తావా, బల్ల ఖాళీ చేస్తావా?"

"చేస్తా." పాచికలు కాఫీ డబ్బాలో పోసుకుంది.

"ఇంత పొగరేంటి నీకు?"

"పొగరే. పిల్లిని తరిమినవాడికల్లా పట్టాభిషేకం చెయ్యను."

మిగతా ఇద్దరూ తలలు దించుకుని అక్కడే ఉండిపోయారు. నేను ఆవిడ వెనకాలే నడిచాను.

తిన్నగా ఆగ్నెస్ ఇంటికి వెళ్లాం. "నా తప్పుకి నీ మనిషి చచ్చింది. బతికిస్తా, రా."

"జాలిపడి బతికిస్తే నాకొద్దు."

"జాలెవరు పడ్డారు? నా వల్ల తప్పు జరిగింది, నేను దిద్దుతున్నా. ఈసారి చస్తే మాత్రం నీ తెలివితక్కువతనమే."

ఆగ్నెస్ పకపకా నవ్వి కోటు తీసుకుంది.

బౌలింగ్ హాల్లో ఓ మూల బల్ల దొరికింది. వంతెన కింద రాక్షసుడితో రెండు గంటలు పోరాడాం. నేను చావు తప్పి బయటపడ్డాను. ఆగ్నెస్ వంతెన మీద దీపం నూనె ఒలకబోసి, వాణ్ని రెచ్చగొట్టి పైకి రప్పించి, జారిపడగానే తాడుతో బిగించింది. దొరికిన నిధి ఒక సొట్ట శిరస్త్రాణం. దెబ్బ కాస్త తగ్గిస్తుంది, అంతే. దానికి ఆగ్నెస్ కుర్చీలోంచి లేచి వేసిన కేకకి బంతులు దొర్లించేవాళ్లు ఆగిపోయి చూశారు.

నెల తర్వాత ఓరిన్ అక్కడికొచ్చాడు. "నేను మళ్లీ చేరితే ఏమిస్తావు?"

"కుర్చీ ఇస్తా," అంది వెర్నా.

అతను వెనుదిరిగి వెళ్లిపోయాడు. ఆ చలికాలమంతా మేం ముగ్గురమే ఆడాం.