ఎలపట దిక్కు సీటు

ఈ సంవత్సరం మార్చి నెల పదో తేదీ, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు వనపర్తిలో నా వంటింటి కిటికీలోంచి తుప్పు, పాత గ్రీజు, నూనెలో నానిన ఇనుము కలిసిన వాసన వచ్చింది. పొయ్యి మీద పాలున్నాయి కనుక అవి పొంగేదాకా ఆగి, మంట తగ్గించి, అప్పుడు వెళ్లి చూశాను. వెనకింట్లో టైర్ల దుకాణం అతను వేలంలో కొన్న పాత మిలిటరీ ట్రక్కును పెరట్లోకి తెచ్చి, ఇంజను విప్పి, ఒక్కొక్క ముక్కను డీజిల్లో కడుగుతున్నాడు. దాన్ని బాగుచేసి, వెనక మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టుకుని, పెళ్లాం పిల్లలతో దేశం తిరుగుతాడట. మంచిదే. నాకు డెబ్బై రెండేళ్లు. ఒక్కదాన్నే ఉంటాను. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని కనుక దేనికైనా తేదీ వేసుకుంటే తప్ప నాకు తోచదు. ఆ వాసనను నేను చివరిసారి పీల్చింది 1964 దసరా ముందు, ఆత్మకూరులో, మా అత్త వాకిట్లో.

నాయన డ్రైవరు. యుద్ధకాలంలో బర్మా దిక్కున మిలిటరీ లారీలు నడిపి, తిరిగివచ్చాక గద్వాలలో ఒక పల్లీల వ్యాపారి లారీ మీద ఉండేవాడు. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ పోయింది. నన్ను ఆత్మకూరులో తన అక్క దగ్గర వదిలాడు. అత్తకు మొగుడు లేడు, పిల్లలు లేరు, మూడెకరాల చెలక, రెండెద్దులు, ఊరంతా వినబడే గొంతు ఉండేవి. నాయన ఎప్పుడో ఒక రాత్రి వచ్చి, తిని, కట్టెలా పడి నిద్రపోయి, నేను లేచేసరికి వెళ్లిపోయేవాడు. ఆయన పడుకునే చాప చుట్టి గోడకు ఆనించి ఉంటే రాత్రి వచ్చాడని, మూలకు పడి ఉంటే రాలేదని నేను తెలుసుకునేదాన్ని. తొమ్మిదేళ్లు వచ్చేదాకా నాకు నాయన ముఖంకన్నా ఆ చాపే బాగా గుర్తు.

1963 ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్‌లో మిలిటరీవాళ్లు పాత బండ్లు వేలం వేస్తుంటే ఒకటి కొన్నాడు. ఇంకో లారీకి గొలుసుతో కట్టి రోడ్డు దాకా తెచ్చారు, రోడ్డు నుంచి వాకిట్లోకి నాలుగు జతల ఎద్దులు లాగాయి. ముక్కు పొడుగ్గా, కండ్లు లోతుగా, వెనక గుడారం ఊచలు మాత్రం మిగిలి, ఎండిన పశువులా ఉంది. నాయన తలుపు మీద కత్తితో గీకితే ఆకుపచ్చ కింద ఇసుకరంగు, ఇసుకరంగు కింద ఇంకో ఆకుపచ్చ బయటపడ్డాయి. అత్త నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"మూడు చీరెలు గట్టుకోని వచ్చిందిరా తమ్మీ నీ బండి. నాకు రెండే ఉన్నయి," అన్నది.

ఆ మాటకు వాకిట్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేను మాత్రం ఒక్క సంగతే పట్టించుకున్నాను. నాయన వ్యాపారి లారీ మానేశాడు, ఈ బండి తయారయ్యేదాకా ఇంటి దగ్గరే ఉంటాడు.

ఇంజను తుప్పుతో పట్టేసింది. దాంట్లో కిరోసిన్ పోసి రోజుల తరబడి నానబెట్టి, ముందున్న హ్యాండిలు రాడ్డు మీద నాయనా, వనపర్తి నుంచి వచ్చిన కరీం మిస్త్రీ ఇద్దరూ వేలాడితే ఒక సాయంత్రం అది వేలెడంత కదిలింది. ఆ రోజు అత్త సజ్జరొట్టెలు నలిపి బెల్లం వేసి మలీద చేసింది. ఆ తరువాత అన్నీ విప్పారు. నాయనకు మిలిటరీలో నేర్పిన పద్ధతి ఒకటుండేది. విప్పిన ముక్కను విప్పిన వరుసలోనే పరచాలి, తిరిగి బిగించేటప్పుడు అదే తోవన వెనక్కి పోవాలి. ఆ పని నాకిచ్చాడు. పాత జంపఖానా మీద నట్లు, బోల్టులు, స్ప్రింగులు, పేర్లు తెలియని ఇనుప ముక్కలు వరుసగా పెట్టి, పక్కన సుద్దతో అంకెలు వేసి, కోళ్లు తొక్కకుండా కట్టె పట్టుకుని కూర్చునేదాన్ని. పక్కింటి పిల్లలు గులకరాళ్లతో అచ్చనగండ్లు ఆడితే నేను పెద్ద నట్లతో ఆడేదాన్ని, వేళ్లు నల్లబడి అన్నం ముద్దకు కూడా ఆ నలుపు అంటేది.

ఎండాకాలం ఆ బండి నీడలోనే గడిచింది. తాటిముంజలు ఒలిచి నాయన నోట్లో నేనే పెట్టేదాన్ని, ఆయన చేతులకు నూనె ఉండేది కనుక. పీర్ల పండుగకు కరీం మిస్త్రీ పది రోజులు రాలేదు, వచ్చేటప్పుడు మాకందరికీ మలీద ముద్దలు, షర్బతు తెచ్చాడు. వానాకాలం పెద్ద టార్పాలిన్ కట్టి దాని కింద పని చేశారు. వాన దాని మీద పడుతుంటే నేను చక్రం పైన రేకు కింద ముడుచుకుని కూర్చుని జొన్నపేలాలు తినేదాన్ని. చలికాలం అనపగింజల గుడాలు, జొన్నరొట్టె, పుంటికూర తొక్కు, అన్నిటిలోనూ కిరోసిన్ వాసనే. ఇనుప వెనకభాగం తీసేసి చెక్కతో కొత్తగా లారీ బాడీ కట్టారు. ముందు చక్రాల మీది స్ప్రింగు పట్టీలను కరీం మిస్త్రీ కొలిమిలో కాల్చి సరిచేశాడు. రోజూ పొద్దున లేవగానే చాప వైపు చూసే అలవాటు నాకు ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ తేదీ ఒక్కటే నా దగ్గర లేదు.

పని ముగింపుకు వస్తున్నకొద్దీ నాకు దిగులు పట్టుకుంది. బండి తయారైతే నాయన పోతాడు. కానీ ఆ బండిలో ఒక సంగతి ఉంది. దాని స్టీరింగు ఎడమవైపు. ఎక్కడో వేరే దేశంలో రోడ్డు కుడివైపు నడిచేవాళ్లు చేసిన బండి అది. మన రోడ్డు మీద ముందు పోయే బండిని దాటాలంటే డ్రైవరుకు ఎదురుగా ఏం వస్తున్నదో కనబడదు. కుడివైపు కిటికీ దగ్గర ఒకరు కూర్చుని చూసి చెప్పాలి. ఆ ఒకరు నేనే అవుతానని నాలో నేను నిర్ణయించుకున్నాను.

1964 ఆగస్టులో ఇంజను మోగింది. ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి, కోళ్లు ఇంటికప్పు ఎక్కాయి. మొదటిసారి బండిని వెనక్కి తిప్పుతున్నప్పుడు నాయన సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి చూస్తూ నడుపుతున్నాడు, నేను వెనక నిలబడి చెబుతున్నాను. మా ఇళ్లలో పిల్లలకు కుడి ఎడమలకన్నా ముందు ఎలపట దాపటలు వస్తాయి. కాడికి కుడివైపు కట్టేది ఎలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. "ఎలపటకు, ఎలపటకు" అని నేను అరిచాను. బండి తిన్నగా వెళ్లి దాపట దిక్కున్న పెంటకుప్పలో దిగబడింది.

"ఎలపట అంటివి గదనే!" అన్నాడు నాయన కిటికీలోంచి తల బయటపెట్టి.

"ఎద్దు ఎలపట నాయనా! నీ ఎలపట గాదు!"

నిజమే. వెనక్కి తిరిగిన మనిషికి కుడిచేయి బండికి ఎడమవైపు వస్తుంది. ఎద్దు ముందుకు నడిచినా వెనక్కి నడిచినా దాని ఎలపట దానిదే.

"బర్మాల బాంబులకు పడనోడు మా పెంటల పడ్డడు," అన్నది అత్త. కరీం మిస్త్రీ నవ్వీ నవ్వీ నేల మీద కూర్చున్నాడు. నాయన కూడా నవ్వాడు, ఆ నవ్వులో ఆయన పక్కపన్ను ఒకటి లేదని అప్పుడు చూశాను. ఆ రోజు నుంచి బండి మాకు ఎద్దు. ఎలపట, దాపట దానివే. నాయనది దాపట, నాది ఎలపట. వీధుల్లో తిప్పినప్పుడల్లా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "ఎలపట ఏముందే?" అని అడిగేవాడు. "ఖాళీ" అంటే దాటేవాడు, "బండొస్తది" అంటే ఆగేవాడు. నా మాట మీద అంత పెద్ద ఇనుము కదలడం, ఆగడం!

సెప్టెంబరులో మొదటి కిరాయి వచ్చింది. మన్ననూరు పోయి అడవివాళ్లు తెంపిన సీతాఫలాలు వనపర్తికి తేవాలి. అత్త వద్దన్నది, నాయన నన్ను ఎక్కించుకున్నాడు. తొలికోడి వేళ బయల్దేరి వనపర్తి, నాగర్‌కర్నూలు దాటేసరికి బాగా పొద్దెక్కింది. డ్రైవరు కుడివైపు ఉంటాడనుకునే జనానికి కుడివైపు కిటికీలో రెండు జడల పిల్ల కనబడింది. తెలకపల్లిలో చాయ్ దుకాణం ముందు ఒకాయన గ్లాసు వదిలేసి లేచాడు.

"ఓరి నాయనో, పోరి నడుపుతుందిరో! జరగుండ్రి, జరగుండ్రి!"

బల్ల మీద ఉన్నవాళ్లంతా గోడ ఎక్కారు. నాయన హారను కొట్టి "మా బిడ్డకు లైసెన్సున్నది తాతా!" అని అరిచాడు. నేను నవ్వలేదు. నవ్వితే చూపు తప్పుతుందని భయం.

అదే తప్పయిందని ఇప్పుడు తెలుస్తున్నది. మన్ననూరులో పచ్చి ఆకులు పరిచిన గంపల్లో సీతాఫలాలు ఎక్కించారు, పండిన వాసనతో క్యాబినంతా నిండిపోయింది, అడవివాళ్లలో ఒకామె నా ఒళ్లో నాలుగు పండ్లు పెట్టింది. నేను ముట్టలేదు. తింటే గింజలు ఊయాలి, ఊస్తే కిందికి చూడాలి. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కిటికీకి ముఖం ఆనించి, దుమ్ము పడుతున్నా రెప్ప వేయకుండా చూశాను. ఖాళీ, బండొస్తది, ఖాళీ. వనపర్తిలో దిగేసరికి నా కండ్లు రెండూ ఎర్రగా వాచి మూసుకుపోయాయి. ఒళ్లో పండ్లు చితికి గౌను తడిసింది. నాయన నన్ను ఎత్తుకుని బోరింగు దగ్గర కండ్లు కడిగాడు. ఇంత బాగా చూశాను కదా, ఇక నన్ను విడవడు అనుకున్నాను.

మర్నాడు కండ్లకు తడిగుడ్డ వేసుకుని పడుకున్నప్పుడు వాకిట్లో మాటలు వినబడ్డాయి.

"పోరి రెప్ప కొడ్తలేదు మిస్త్రీ," అంటున్నాడు నాయన. "ఆకలి తెల్వదు, నిద్ర తెల్వదు. గింతంత పిల్లమీద గంత బరువు వెడితే నాకు పాపం తగుల్తది."

"స్టీరింగు ఎలపటకు దెస్త ఉస్తాద్," అన్నాడు కరీం మిస్త్రీ. "పెడళ్లు, రాడ్లు అన్నీ మార్చాలె. దసరాకు చేసిస్త, పరేషాన్ గాకు."

కండ్లు తేరుకున్నాక మళ్లీ జంపఖానా పరిచారు. స్టీరింగు చక్రం, దాని కింది పెట్టె, మూడు పెడళ్లు, రాడ్లు ఒక్కొక్కటే దాపట నుంచి విప్పారు. విప్పిన వరుసలో నేనే పెట్టాను, సుద్దతో నేనే అంకెలు వేశాను. ఒక్క ముక్కను కోళ్ల వైపు తన్నేస్తే పని ఆగుతుందని తెలుసు. కట్టె పట్టుకుని కూర్చున్నాను. ఊళ్లో పిల్లలు బతుకమ్మకు తంగేడు, గునుగు పూల కోసం చెలకల వెంట తిరుగుతున్నారు. నేను పోలేదు. ఒకరోజు ధైర్యం చేసి, "నాయనా, నేను దాపట దిక్కు కూసుంట," అన్నాను.

"దాపట కూసోని ఏం జేస్తవే? ఆడ సూసేదేం లేదు. బడికి పో, సదువుకో." చేతులు గుడ్డకు తుడుచుకుని నా తల మీద చేయి పెట్టాడు. "ఇగ నువ్వు సూడనక్కర లేదు బిడ్డా. నేనే సూస్కుంట. నువ్వు నిమ్మలంగుండు."

నాకొక మంచి చేసినట్టు సంతోషంగా అన్నాడు. అందుకే నేను ఏడవలేకపోయాను.

దసరా నాడు బండికి పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మర్నాడు పొద్దున నాయన కుడివైపు ఎక్కి, కిటికీలో మోచేయి పెట్టుకుని, తానే బయటికి తొంగిచూసి, నన్నేమీ అడగకుండా బండిని వాకిట్లోంచి బయటికి తీశాడు. బండి నిలబడ్డ చోట నూనె ఇంకిన నల్లటి జాగా మిగిలింది. అత్త అక్కడ సొరగింజలు పెట్టింది, రెండు వానాకాలాలు ఏమీ మొలవలేదు.

బండి బాగా నడిచింది. ఆ కిరాయిలతోనే నేను వనపర్తిలో హాస్టల్లో ఉండి చదివాను, టీచరునయ్యాను. నాయన చేసిన లెక్కలో తప్పు లేదు. ఆ తరువాత ఆయన పదకొండేళ్లు బతికాడు. ఆ పదకొండేళ్లలో ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపినా, ఆ బండి వాకిట్లో విప్పి ఉన్న ఇరవై నెలలకు సరిపోవు. ఎన్నిసార్లు కూడినా అంతే.

మొన్న బస్సులో ఆత్మకూరు వెళ్లివచ్చాను. పోయినవి ఇవి. అత్త ఇల్లు ఒకటి, ఆ జాగాలో మూడు దుకాణాలు వచ్చాయి. ఎద్దులు రెండు, చెలక మూడెకరాలు. మనుషులు ముగ్గురు, అత్త, నాయన, కరీం మిస్త్రీ. లారీ ఒకటి, నాయన పోయిన ఏడాదే తుక్కు కింద అమ్మాము. ఇక ఆ ఎలపట సీటు ఒకటి. దాన్ని పోయినవాటిలో కలపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి కలపలేదు. అది ఎక్కడికీ పోలేదు, నా బదులు అందులో నాయన కూర్చున్నాడు.