మా అత్త కిరాయికి తీసుకున్న రైలు డబ్బా

మా అత్త గుర్వమ్మ ఏ వస్తువునైనా నాలుగు దిక్కులా చూడందే ఒప్పుకునేది కాదు. కుండ కొనాలంటే వేలితో కొట్టి చెవి పెట్టి వినేది. జొన్నలు కొనాలంటే బస్తా అడుగుదాకా చేయి పెట్టి పిడికెడు తీసి వాసన చూసేది. నన్ను చూడడానికి వచ్చిన రోజున అందరూ నా ముఖం చూస్తుంటే, ఆమె మాత్రం పెరట్లోకి పోయి నేను కట్టేసిన మేకపిల్ల తాడు లాగి చూసింది. ముడి ఊడలేదు కాబట్టే మన పెళ్లి అయిందని నా భర్త సోమన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అలాంటి మనిషి ఒక రైలు డబ్బాను కిరాయికి తీసుకుంటే ఎట్లా ఉంటుందో నేను కళ్లారా చూశాను. అది అరవై అయిదో సంవత్సరం. కొత్తకోట పక్కన మా ఊళ్లో ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. కార్తీకం వచ్చేసరికి బీళ్లలో గడ్డిపరక లేదు. ప్రతి ఏటా కురుమలందరం మందలు తోలుకుని కర్నూలు దిక్కు కాలువల కిందికి నడిచి పోవడం అలవాటే. అక్కడి రైతులు తమ పొలాల్లో మంద పెట్టించుకుని ఎరువు చేసుకుంటారు, మా గొర్రెలకు మేత దొరుకుతుంది. కానీ ఆ ఏడు మా మందలో చాలా మటుకు చూడి గొర్రెలు. కడుపులు బరువు, కాళ్లు పుల్లలు. అంత దూరం నడిపిస్తే దారిలోనే పడిపోతాయని చూసిన వాళ్లందరికీ తెలుస్తూనే ఉంది.

మాకు గుంట భూమి లేదు. మా మామ కురుమయ్య పోయేనాటికి మిగిలినవి చేతి వేళ్లకు సరిపోయేటన్ని గొర్రెలు. వాటిని మంద చేసింది అత్తే. పిల్లవాణ్ని చంకనేసుకుని, ఎండనకా వాననకా మేపి, పులిసిన గటక తాగి బతికింది. ఆ మంద పోతే మేం కూలికి పోవడం తప్ప ఇంకో దారి లేదు.

ఒకనాడు పొద్దున్నే అత్త నెత్తికి గుడ్డ చుట్టుకుంటూ అంది: “మందను రైలుల కొంటవోదాం.”

ఊరు ఊరంతా నవ్వింది. కురుమల్లో పెద్దమనిషి దుర్గయ్య అయితే కట్టె నేలకు కొట్టి మరీ నవ్వాడు.

“గొర్లకు రైలేందే వదినా? అవేమన్న పట్నం దవాఖానకు పోతున్నయా?”

“నడువశాతకాని మనిషిని ఎడ్లబండిల ఎక్కిస్తం గదా దుర్గయ్యా. గిదీ గంతే. నువ్వు నీ మంద తోలుకపో, నా ఫికర్ జెయ్యకు,” అంది అత్త.

అలా అన్నదే గానీ ఆమెకు రైలంటే చచ్చేంత భయం. ఇనుప డబ్బాలో కూర్చుంటే మనిషికి దయ్యం గాలి సోకుతుందని ఆమె నమ్మకం. అందుకే మందతో సోమన్న పోవాలని, తాను వెనక నడిచి రావాలని ముందే తేల్చి చెప్పింది.

అత్తా, సోమన్నా, నేనూ దగ్గరి స్టేషనుకు పోయాం. అక్కడ సామాన్ల బుకింగు చూసే గుమాస్తా రామచంద్రం. నవ్వు ముఖం మనిషి. పక్క పట్టాల మీద నిలిపిన ఒక గూడ్సు డబ్బా చూపించి, “చూడు అవ్వా, కొత్తదాని లెక్కుంది. ఎక్కడా చిల్లు లేదు. వాన చుక్క లోపలికి రాదు,” అన్నాడు సంబరంగా.

అత్త ముందు డబ్బా చుట్టూ తిరిగింది. చక్రాన్ని కట్టెతో కొట్టింది. తలుపు లాగింది, నెట్టింది, మళ్లీ లాగింది. తర్వాత నన్ను కూడా లోపలికి ఎక్కించి, “సోమా, తలుపు ముయ్,” అని కేక వేసింది. తలుపు పడింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. అత్త గోడలు తడుముతూ నెమ్మదిగా ఊపిరి పీల్చడం వినిపించింది. కాసేపటికి తలుపు మీద దబదబా బాదింది.

బయటికి దూకి, “ఇది నాకొద్దు సారూ,” అంది.

“ఎందుకు? ఒక్క చిల్లన్న కనబడ్డదా?”

“కనబడలే. అందుకే వద్దంటున్న. ఇది వడ్లకు మంచిగుంటది. గొర్లు ఊపిరాడక సస్తయ్. పైన గాలి రావాలె, కింద మాత్రం ఎలుతురు రావొద్దు. కింద సందుంటే కాలు ఇరుక్కుంటది.”

రామచంద్రం కడుపు పట్టుకుని నవ్వాడు. “అట్లయితే పశువుల డబ్బా కావాలని చెప్పరాదా? రెండు రోజుల్లో ఒకటి వస్తది, రాసి పెడతా,” అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఆ డబ్బా పక్కలకు పైసగం కమ్మీలు ఉన్నాయి, గాలి ధారాళంగా ఆడుతోంది. అత్త ముఖం వెలిగింది. మళ్లీ తలుపు మూయించింది. ఈసారి ఇద్దరం బోర్లా పడుకుని నేల చెక్కల మధ్య వెలుతురు వెతికాం. ఒక మూల చెక్క కాస్త చీకిపోయి ఉంది. సోమన్న దాని మీద గట్టి పలక వేసి మేకులు కొట్టాడు. గోడకు పొడుచుకొచ్చిన మేకును వంచేదాకా అత్త ఊరుకోలేదు. కడుపుతో ఉన్న గొర్రె పక్క ఎక్కడ రాసుకుంటుందో చూడాలని, వంగి నాలుగు కాళ్ల మీద గోడ వెంట నడిచింది. రైలు కోసం వచ్చిన జనం కమ్మీల్లోంచి తొంగి చూసి వింతపడ్డారు. నాకు సిగ్గు వేసింది, నవ్వూ వచ్చింది. ఆమెకు రెండూ లేవు.

“ఏం సరుకు ఏసిండ్రో, ఘాటు వాసనొస్తాంది. కడుగుదాం పట్టు పిల్లా,” అంది.

కడిగాం. బిందెలతో నీళ్లు మోసి నా మెడ పట్టేసింది. వేప మండలతో రుద్దాం. మళ్లీ కడిగాం. అత్తకు అదీ చాలలేదు. పేడ తెచ్చి గోడలకు కింది భాగమంతా అలికింది, గడపకు పసుపు రాసింది. ఆ సంబరంలో నేను ఊరుకుంటానా? తలుపు దగ్గర ముగ్గు వేశాను. రామచంద్రం చూసి, “పెండ్లికొడుకు ఎక్కడున్నడు?” అన్నాడు. కిరాయి కట్టేసి, డబ్బా మాదే అనుకుంటూ తేలిగ్గా ఇంటికి వచ్చాం. దారి పొడుగునా ఇద్దరం చిన్నపిల్లల్లా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

మర్నాడు పొద్దున మందను మెల్లగా నడిపించి స్టేషనుకు చేర్చాం. చూడడానికి సగం ఊరు వచ్చింది. దుర్గయ్య తన మందను కొడుకులకు అప్పగించి మరీ వచ్చాడు. సరుకు దించే అరుగు డబ్బా తలుపుకు సమంగా ఉంది. గొర్రెలు అడుగు తీసి అడుగు వేస్తే చాలు.

అడుగు వేస్తే కదా! మందకు ముందు నడిచే నల్ల గొర్రె గడప దాకా వచ్చి, ముక్కు ఎగబీల్చి, గిర్రున వెనక్కి తిరిగింది. దాని వెనక మందంతా తిరిగింది. సోమన్న చేతులు చాచి అడ్డం పడ్డాడు. కొమ్మ చూపించాం, రాలేదు. ఒకదాన్ని ఎత్తి లోపల వేస్తే అది సోమన్న కాళ్ల సందులోంచి బయటికి ఉరికింది. గట్టిగా నెడదామంటే కడుపులో పిల్లలు ఏమవుతాయోనని భయం. ఇంతలో దూరంగా గూడ్సు బండి కూత వినిపించింది.

రామచంద్రం పరుగున వచ్చాడు. “అవ్వా, తొందర! బండి నీళ్లు పట్టుకునేదాకే ఉంటది. ఎక్కియ్యకుంటే డబ్బా వేరేటోళ్లకు పోతది. మళ్ల ఎన్నడొస్తదో నేను చెప్పలేను!”

అత్త గడప మీద కూలబడింది. ముగ్గు వైపు చూసింది, పసుపు వైపు చూసింది, నా వైపు చూసింది. ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది.

“అయ్యో నా బుద్ధి మండ! ఎన్నేండ్ల సంది గొర్లు కాస్తున్నా? కొత్త జాగల మంద పెడితే ముంగట పాత దొడ్డి పెంట జల్లుతం గదా! గొర్రె ముక్కుతోని సూస్తది. పెండ్లిల్లు లెక్క అలికితే ఎట్ల ఎక్కుతయే! మంద వాసన ఏడిది దీన్ల?”

ఊరికి పోయి దొడ్డి పెంట తేవడానికి సమయం లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు అత్త భుజం మీది గొంగడి లాగి నేల మీద పరిచింది. ఏళ్ల తరబడి మందలో పడుకున్న గొంగడి అది. నాకు అర్థమైంది. సోమన్న గొంగడి గుంజుకుని లోపలికి ఉరికాను. “ఇంకా కావాలె, ఇంకా!” అని అరిచాను.

చలికాలం మొదట్లో కురుమవాడు ఒంటి మీది గొంగడి ఇవ్వడమంటే మాటలు కాదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా విసిరింది దుర్గయ్య. “పట్టు పిల్లా!” అంటూ విసిరేశాడు. ఇక వరసగా గొంగళ్లు వచ్చి పడ్డాయి. నేను మూలమూలకూ పరుస్తూనే ఉన్నాను. అత్త నడుమ కూర్చుని, రాత్రి మందను కూడేసేటప్పుడు తీసే కూత తీసింది.

నల్ల గొర్రె మళ్లీ వచ్చింది. మెడ చాచి గొంగడి మూతితో ముట్టుకుంది. ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. అంతే! తూము తెరిచినట్టు మందంతా లోపలికి వచ్చేసింది. బయట ఈలలు, చప్పట్లు. నేను చివరి మూలలో గొర్రెల మధ్య నడుము దాకా కూరుకుపోయాను.

“అమ్మా, ఇగ దిగు, నేను ఎక్కుత,” అన్నాడు సోమన్న.

అత్త లేచి తలుపు వైపు ఒక్క అడుగు వేసింది. మందంతా ఆమెతోపాటు తలుపు వైపు తిరిగింది. ఆమె ఆగింది, అవీ ఆగాయి. ఇంజను డబ్బాకు తగిలి దడేలున ఊపింది. అత్త పక్కనున్న గొర్రెను రెండు చేతులా పట్టుకుంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

“నేను దిగుతే ఇవన్నీ దిగుతయ్. తలుపు ముయ్ సోమా,” అంది.

“మరి సత్తి?” అన్నాడు సోమన్న నన్ను చూపిస్తూ.

“నేనెట్ల దిగాలె? మీదికెల్లి ఎగరాల్నా?” అని అరిచాను. అరిచాను గానీ లోపల ఎంత సంతోషమో! నేనూ అంతవరకు రైలెక్కి ఎరగను.

“మందతోటి ఇద్దరు పోవచ్చు, పేర్లు మారుస్తా!” అని రామచంద్రం కాగితంతో పరుగెత్తాడు. తలుపు పడింది. బండి కదిలింది. అప్పుడు గుర్తొచ్చింది దుర్గయ్యకు.

“నా గొంగడీ! వదినా, నా గొంగడే!” అని డబ్బా పక్కన ఉరుకుతున్నాడు.

భయమంతా ఎటు పోయిందో గానీ అత్త కమ్మీల్లోంచి ముఖం పెట్టి కేక వేసింది: “కాలువ కాడికొచ్చి తీస్కపో!”

దారంతా ఆమె కూర్చోలేదు. గొర్రెల మధ్య తిరుగుతూ ఒక్కొక్కదాని కడుపు నిమురుతూనే ఉంది. కృష్ణ వంతెన మీద నీళ్లు చూసి నేను గంతులు వేస్తే, “కదలకే, అవి బెదురుతయ్,” అని తిట్టింది. తిడుతూనే తానూ నా భుజం పట్టుకుని తొంగి చూసింది.

పొద్దు వాలే వేళకు కాలువ సీమలో దిగాం. ఒక్క గొర్రె కూడా పడలేదు, ఒక్కటీ నెలలు నిండక ముందే ఈచుకుపోలేదు. పట్టాల పక్కనుంచి కాలువ గట్టు దాకా పచ్చగా గడ్డి. అవి మమ్మల్ని చూడలేదు, నీళ్లనూ చూడలేదు. దిగినవి దిగినట్టే తలలు వంచాయి. ఇన్ని గొర్రెలు ఒక్కసారిగా గడ్డి కొరికే చప్పుడు మేం విని నెలలు దాటింది. అత్త గట్టు మీద కూర్చుని నా చేయి గట్టిగా పట్టుకుంది.

“మాట్లాడకు పిల్లా,” అంది. “జర విననీ. తింటున్నయ్.”